‘మీకు అండగా ఉన్నాం’ అన్న దేశాలు ఆ తర్వాత ఏం చేస్తాయి?

విజయవాడలో సివిల్స్‌కి చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "పహల్గామ్ దాడి జరిగినప్పుడు ప్రపంచమంతా మనకు అండగా ఉన్నామంది. రెండు వారాలకి మనం ఎదురుదెబ్బ కొట్టగానే అవే దేశాలు 'ఇద్దరూ సంయమనం పాటించండి' అన్నాయి. అంటే ఈ సంఘీభావ ప్రకటనలు, మౌనాలు, టవర్ల మీద లైట్లు అన్నీ నటనేనా? మన ఎంపీలని దేశదేశాలకీ పంపడం వల్ల ఒరిగిందేమిటి? రేపు వేరే దేశంలో దాడి జరిగితే మన ప్రకాశం బ్యారేజీ మీద వాళ్ల జెండా రంగులు వేయొచ్చా? జెండా సగానికి దించొచ్చా?"

అమ్మా, నాది గుంటూరు. ఉద్యోగమంతా విదేశాల్లోని మన రాయబార కార్యాలయాల్లో, ప్రోటోకాల్ పనుల్లో గడిచింది. నేను రాయబారిని కాను, రాయబారి సంతకం పెట్టే కాగితాలు తయారుచేసే వాళ్లలో ఒకణ్ణి. ఇప్పుడు రిటైరై బ్రాడీపేటలో ఉంటున్నాను. టీవీ చర్చల్లో వినపడేది మీకు ఎలాగూ తెలుసు కాబట్టి, లోపల ఈ పని ఎలా నడుస్తుందో చెబుతాను.

ముందుగా మీ పెద్ద సందేహం. దాడిని ఖండించడం ఒక పని. ఆ దాడికి మీరిచ్చే జవాబుని సమర్థించడం పూర్తిగా వేరే పని. మొదటిదానికి పైసా ఖర్చు లేదు, కాబట్టి అందరూ చేస్తారు. రెండోదానికి ఎవరూ ముందుగా మాటివ్వరు. మనమూ ఇవ్వం. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్ మీద హమాస్ దాడి జరిగిన రోజే మన ప్రధాని ఇజ్రాయెల్‌కి సంఘీభావం ప్రకటించారు. మూడు వారాలు తిరక్కుండా, అక్టోబరు 27న, గాజాలో తక్షణ మానవతా విరామం కోరుతూ ఐరాస సర్వసభ్య సభలో తీర్మానం వస్తే మనం ఓటింగ్‌కి దూరంగా ఉన్నాం. ఆ రోజే హమాస్ దాడిని పేరు పెట్టి ఖండించాలని కెనడా ఒక సవరణ తెచ్చింది. దానికి మాత్రం అనుకూలంగా ఓటేశాం. మూడింట రెండొంతుల మెజారిటీ రాక అది వీగిపోయింది. ఇజ్రాయెల్ వైపు నుంచి చూస్తే, "అండగా ఉన్నామన్న భారత్ తీర్మానాన్ని వ్యతిరేకించకుండా తప్పుకుంది" అని వాళ్లూ అనుకోవచ్చు. పాలస్తీనా వైపు నుంచి ఇంకోలా అనుకోవచ్చు. ఢిల్లీ మాత్రం తన లెక్క తను చూసుకుంది. 2025 మే 7న మనం పాకిస్తాన్ మీద ఎదురుదెబ్బ కొట్టినప్పుడు మన విషయంలో మిగతా రాజధానులు చేసింది కూడా అదే.

2001లో మూడు నెలల తేడాతో జరిగిన రెండు దాడుల్ని చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. సెప్టెంబరు 11 దాడుల మర్నాడే భద్రతా మండలి 1368 తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. ఆత్మరక్షణ హక్కుని అందులోనే గుర్తించింది. అదే రోజు అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో తన చరిత్రలో మొట్టమొదటిసారి ఐదో అధికరణాన్ని బయటికి తీసింది, ఒక సభ్య దేశం మీద దాడి అంటే అందరి మీదా దాడేనని. ఆ తర్వాత నాటో నిఘా విమానాలు వెళ్లి అమెరికా గగనతలానికి కాపలా కాశాయి. లండన్‌లో బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు కాపలా భటులు మారే వేడుకలో అమెరికా జాతీయగీతం వాయించారు. మన దేశమూ పూర్తి సహకారం ఇస్తామని చెప్పింది. అయితే అమెరికాకి అఫ్ఘానిస్తాన్ వెళ్లే దారి కావాలి, ఆ దారి పాకిస్తాన్ మీదుగా ఉంది.

డిసెంబరు 13న మన పార్లమెంటు మీద దాడి జరిగింది. ఖండనలు అప్పుడూ వచ్చాయి, మాటలు కూడా ఇంచుమించు అవే. మనం సైన్యాన్ని సరిహద్దుకి తరలించేసరికి సీన్ మారిపోయింది. పెద్ద దేశాల మంత్రులు ఢిల్లీకీ ఇస్లామాబాద్‌కీ తిరుగుతూ ఇద్దరికీ నచ్చజెప్పే పనిలో పడ్డారు. దెబ్బతిన్న దేశానికి ఎంత బలం ఉంది, ఎదుటివాడి దగ్గర అణ్వాయుధాలు ఉన్నాయా, ఆ సమయంలో ఎవరికి ఎవరితో పని పడింది, ఇవే తేడా తెచ్చాయి. అందుకని 2025 ఏప్రిల్ 22న ఓదార్చిన దేశాలు అబద్ధమాడాయని నేననను. వాళ్లు ఓదార్చారు, అంతే. అంతకుమించి హామీ ఇచ్చారని మనం అనుకున్నాం.

ఇక లోపల ఏం జరుగుతుందో వినండి.

దాడి వార్త రాగానే దేశాధినేతల సందేశాలు వస్తాయి. ఈ రోజుల్లో ఎక్స్‌లో పెట్టేస్తున్నారు, మా రోజుల్లో ఫ్యాక్స్. ఆ తర్వాత ఫోన్లు. ఫోన్ చేస్తే ట్వీట్ కంటే ఒక మెట్టు ఎక్కువ. మంత్రి వస్తే ఇంకో మెట్టు. దేశాధినేతే విమానం ఎక్కి వస్తే ఇక చెప్పక్కర్లేదు. మన ఊళ్లల్లో చావింటికి పెద్దాయన స్వయంగా వచ్చి పలకరించాడా, కొడుకుని పంపి సరిపెట్టాడా అన్నది ఏళ్ల తరబడి గుర్తుంటుంది చూశారూ, రాజధానుల్లో కూడా అంతే గుర్తుంటుంది. కాకపోతే అక్కడ రాసి పెట్టుకుంటారు.

రాసి పెట్టుకున్నది నేనే కాబట్టి చెబుతున్నాను. 2008 నవంబరులో ముంబై దాడులు జరిగినప్పుడు నేను యూరప్‌లో ఒక చిన్న దేశంలో ఉన్నాను. కిందనున్న హాల్లో సంతాప పుస్తకం పెట్టాం. బల్ల మీద తెల్లబట్ట, మన జెండా, గీతల్లేని కాగితాల పుస్తకం, రెండు పెన్నులు. రెండెందుకంటే ఒకటి సరిగ్గా ఏ రాయబారో కూర్చున్నప్పుడే మొరాయిస్తుంది. ఏ దేశం నుంచి ఎవరు ఎన్ని గంటలకు వస్తున్నారో ముందే ఫోన్ చేసి టైం తీసుకుంటారు. నా పని వాళ్లని గుమ్మం దగ్గర కలవడం, కూర్చోబెట్టడం, వెళ్లాక వాళ్ల పేరూ హోదా విడిగా ఒక కాగితం మీద ఎక్కించడం. చాలామంది రెండు మూడు వాక్యాలు రాసి సంతకం పెడతారు. కొందరు అంతకుముందు వాళ్లు ఏం రాశారో చూసి మరీ రాస్తారు. దాదాపు అందరూ రాయబారులే వచ్చారు. ఒక దేశం మాత్రం, మనతో మంచి వ్యాపారం ఉన్న దేశమే, ఒక కుర్ర సెక్రటరీని పంపింది. ఆ సాయంత్రం ఢిల్లీకి వెళ్లిన కేబుల్‌లో, అంటే అధికారిక సందేశంలో, మా బాస్ ఆ సంగతిని విడిగా ఒక లైనులో రాయించారు. వ్యాఖ్య ఏమీ చేర్చలేదు. హోదా మాత్రం పూర్తిగా రాయమన్నారు.

ఆ దాడిలో ఇంకో చిక్కుంది. చనిపోయిన 166 మందిలో అమెరికా, ఇజ్రాయెల్ సహా చాలా దేశాలవాళ్లు ఉన్నారు. అంటే మనం సంతాపాలు అందుకుంటూనే, మన గడ్డ మీద పోయినవాళ్ల కోసం ఆయా దేశాలకు మనమే సంతాపం చెప్పాలి. కింద పుస్తకం పెట్టుకుని, పైన మా ఆఫీసర్లు వేరే రాయబార కార్యాలయాలకు బయల్దేరేవాళ్లు. బయటివాళ్లకి ఇదంతా తంతులా కనపడుతుంది. కానీ ఆరుగురు అమెరికన్లు పోయారు కాబట్టే ఎఫ్‌బీఐ ముంబై వచ్చింది, దాడికి ముందు ముంబైలో రెక్కీ చేసిన డేవిడ్ హెడ్లీ మీద అమెరికాలో కేసు నడిచింది, 2010లో మన ఎన్‌ఐఏ అధికారులు షికాగో వెళ్లి అతణ్ణి ప్రశ్నించగలిగారు. అమెరికా అతణ్ణి మనకు అప్పగించలేదు, తప్పొప్పుకుని చేసుకున్న ఒప్పందం అడ్డొచ్చింది. 2013లో అక్కడే 35 ఏళ్ల శిక్ష పడింది. అతని స్నేహితుడు తహవ్వుర్ రాణా మాత్రం కోర్టులన్నీ అయిపోయాక 2025 ఏప్రిల్ 10న ఢిల్లీలో దిగాడు. దాడికీ, అతను మన చేతికి రావడానికీ మధ్య పదహారేళ్లు దాటాయి. అందుకే ఏ దేశం ఎంత అండగా ఉందని నన్నెవరైనా అడిగితే సంతాప సందేశం కంటే ముందు అప్పగింత ఫైలు ఎక్కడిదాకా వచ్చిందని అడుగుతాను.

ఇప్పుడు మీకు పరీక్షకు కూడా పనికొచ్చే విషయం. భద్రతా మండలి పత్రికా ప్రకటన అనేది ఒకటుంటుంది. ఇది తీర్మానం కాదు, దానికి కట్టుబడాలన్న నిర్బంధం లేదు. కానీ పదిహేను సభ్య దేశాల్లో ఒక్కటి కాదన్నా బయటికి రాదు. కాబట్టి అందులో ఉన్న ప్రతి మాట మీదా బేరం జరిగి ఉంటుంది. పుల్వామా దాడి తర్వాత 2019 ఫిబ్రవరి 21న వచ్చిన ప్రకటన, పహల్గామ్ తర్వాత 2025 ఏప్రిల్ 25న వచ్చిన ప్రకటన పక్కపక్కన పెట్టుకోండి. రెండింట్లోనూ దాడిని అత్యంత తీవ్రంగా ఖండిస్తున్నామని ఉంటుంది. చేసినవాళ్లని, చేయించినవాళ్లని, డబ్బు పెట్టినవాళ్లని, వెనకుండి నడిపినవాళ్లని చట్టం ముందు నిలబెట్టాలని ఉంటుంది. ఇవన్నీ అచ్చులో పోసిన వాక్యాలు, ప్రతి దాడికీ వస్తాయి. వాటి దగ్గర ఆగకండి.

2019 ప్రకటనలో జైషే మహమ్మద్ పేరు ఉంది, దాడి తామే చేశామని ఆ సంస్థ చెప్పుకుందని రాశారు. 2025 ప్రకటనలో ఏ సంస్థ పేరూ లేదు. 2019లో అన్ని దేశాలూ "భారత ప్రభుత్వంతోనూ, సంబంధిత ఇతర అధికారులతోనూ" సహకరించాలన్నారు. 2025కి వచ్చేసరికి "సంబంధిత అధికారులందరితో" అని ఊరుకున్నారు. భారత ప్రభుత్వం అన్న మాట ఎగిరిపోయింది. ఇది పొరపాటున జరిగింది కాదు. 2025లో పాకిస్తాన్ భద్రతా మండలిలో తాత్కాలిక సభ్య దేశం. దాడికి మొదట బాధ్యత తీసుకుని తర్వాత మాట మార్చిన టీఆర్‌ఎఫ్ (ది రెసిస్టెన్స్ ఫ్రంట్) అనే సంస్థ పేరుని ఆ ప్రకటనలోంచి తీయించింది తామేనని వాళ్ల విదేశాంగ మంత్రి ఇషాక్ దార్ పార్లమెంటులోనే చెప్పుకున్నారు. మరి 2019లో జైష్ పేరు ఎలా వచ్చింది? అప్పుడు పాకిస్తాన్ మండలిలో లేదు. చైనా ఉంది, అందుకే ఆ ప్రకటన రావడానికి దాడి తర్వాత వారం పట్టింది. పహల్గామ్‌కి మూడు రోజుల్లో వచ్చింది. త్వరగా వచ్చిన సంఘీభావం గట్టిదని అనుకోనక్కర్లేదు. ఒక్కోసారి అందులో ఎవరికీ అభ్యంతరం ఉండే మాట లేదు కాబట్టే త్వరగా వస్తుంది.

పేరు కోసం ఇంత గొడవెందుకంటే, ఒకచోట పడ్డ పేరు ఇంకోచోట సాక్ష్యంగా పనికొస్తుంది. ఉగ్రవాదుల పేర్లు జాబితాకెక్కించి ఆంక్షలు పెట్టే భద్రతా మండలి 1267 కమిటీ సంగతి మీరు చదివే ఉంటారు. జైష్ అధినేత మసూద్ అజర్‌ని ఆ జాబితాలో చేర్చాలని 2009 నుంచి ప్రయత్నం జరుగుతుంటే చైనా అడ్డుపడుతూ వచ్చింది. పుల్వామా ప్రకటన వచ్చిన రెండున్నర నెలల్లోపే, 2019 మే 1న, అతని పేరు జాబితాకెక్కింది. ఆ ప్రకటన ఒక్కదాని వల్లే అయిందని చెప్పను. అమెరికా, ఫ్రాన్స్, బ్రిటన్ బాగా ఒత్తిడి తెచ్చాయి. కానీ ఒత్తిడి తెచ్చేవాళ్లకి చేతిలో ఒక కాగితం ఉండాలి కదా.

అందుకే మన ఎంపీల పర్యటనలు వృథా అన్న మాటతో నేను ఏకీభవించను. 2025 మే నెలాఖరులో మన వాదన వినిపించడానికి ఏడు బృందాలు 33 రాజధానులకి వెళ్లాయి. మన వైపు నుంచి నరసరావుపేట ఎంపీ లావు శ్రీకృష్ణదేవరాయలు సుప్రియా సూలే బృందంలో ఈజిప్టు, ఖతర్, ఇథియోపియా, దక్షిణాఫ్రికా వెళ్లారు. ఐరాసలో మన ప్రతినిధిగా చేసిన సయ్యద్ అక్బరుద్దీన్ గారూ అదే బృందంలో ఉన్నారు. పురందేశ్వరి గారు యూరప్ వెళ్లిన బృందంలోనూ, అమలాపురం ఎంపీ హరీష్ బాలయోగి శశి థరూర్ బృందంలోనూ ఉన్నారు. అప్పట్లో మా వీధి చివర టీ బంకు దగ్గర కూడా వీటిని సర్కారు ఖర్చుతో విహారయాత్రలన్నారు.

ఆ దేశాల జాబితా ఒకసారి పరిశీలనగా చూడండి. లాట్వియా, లైబీరియా, సియెర్రా లియోన్, స్లొవేనియా, పనామా, గయానా. పహల్గామ్‌తో వీటికేం సంబంధం అనిపిస్తుంది. సియెర్రా లియోన్, స్లొవేనియా, పనామా, గయానా, అల్జీరియా, డెన్మార్క్, గ్రీస్, దక్షిణ కొరియా అప్పుడు భద్రతా మండలిలో ఉన్నాయి. లాట్వియా, లైబీరియా, కాంగో, బహ్రెయిన్, కొలంబియా 2026 జనవరి నుంచి మండలిలో కూర్చోబోయేవి. శాశ్వత సభ్య దేశాల్లో చైనా తప్ప మిగతా నాలుగింటికీ వెళ్లారు. అంటే తర్వాతి ఏడాదిన్నర కాలంలో ఏ ప్రకటన మీద బేరం జరిగినా, ఏ పేరు జాబితాకెక్కాలన్నా, ఎవరి మాట కావాలో వాళ్ల గుమ్మం ముందే తొక్కారు. ఈ జాబితా తయారుచేసిన ఆఫీసరెవరో గానీ నా లెక్కలో పని తెలిసిన మనిషి.

కొలంబియా సంగతి మరీ బాగుంటుంది. మన దాడుల తర్వాత ఆ దేశం పాకిస్తాన్‌లో చనిపోయినవాళ్లకి సంతాపం తెలిపింది. థరూర్ ఆ దేశ రాజధాని బొగోటాలో దిగి, దాడి చేసేవాళ్లనీ ఆత్మరక్షణ చేసుకునేవాళ్లనీ ఒకే గాటన కట్టడం నిరాశ కలిగించిందని పత్రికలవాళ్ల ముందే చెప్పారు. మర్నాడు అక్కడి విదేశాంగ శాఖతో కూర్చుని మాట్లాడాక కొలంబియా ఆ ప్రకటన వెనక్కి తీసుకుంది. ఒక దేశం తన సంతాపాన్ని వెనక్కి తీసుకోవడం చాలా అరుదు. మనకి కొత్తగా ఏదో ఇచ్చారని కాదు, రేపు మండలిలో కూర్చోబోయే దేశం మన వాదనని మన నోటి నుంచి పూర్తిగా వింది.

ఆ తర్వాత వరస చూడండి. జూన్‌లో చైనాలోని చింగ్‌దావ్‌లో షాంఘై సహకార సంస్థ రక్షణ మంత్రుల సమావేశం జరిగితే, ఉమ్మడి ప్రకటనలో పహల్గామ్ ఊసు లేదని రాజ్‌నాథ్ సింగ్ సంతకం పెట్టలేదు. జులైలో క్వాడ్ (మనం, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా), బ్రిక్స్ కూటములు రెండూ ఆ దాడిని ఖండించాయి. అదే నెలలో అమెరికా టీఆర్‌ఎఫ్‌ని విదేశీ ఉగ్రవాద సంస్థగా ప్రకటించింది. 1267 కమిటీకి ఇచ్చే పర్యవేక్షణ బృందం నివేదికలో టీఆర్‌ఎఫ్ పేరు వచ్చింది. సెప్టెంబరు 1న తియాంజిన్‌లో, పాకిస్తాన్ కూడా సభ్యురాలైన అదే షాంఘై సంస్థ, పహల్గామ్ దాడిని ఖండించింది. వీటిల్లో ఒక్కటీ పోయిన 26 మందిని తీసుకురాదు. మన విశాఖలోనూ కావలిలోనూ చెరొక ఇంట్లో ఇంటి మనిషి పోయాడు, ఆ ఇళ్లవాళ్లకి తియాంజిన్ ఎక్కడుందో కూడా అక్కర్లేదు. ప్రభుత్వాలు చేయగలిగే పని మాత్రం ఇలాగే ఉంటుంది, ఒక్కో మాట చొప్పున.

పరామర్శలో మనిషి వెళ్లడానికి ఎంత విలువుందో చెప్పాలంటే పారిస్, కొలంబో చాలు. 2015 జనవరిలో షార్లీ ఎబ్దో అనే వ్యంగ్య పత్రిక మీద జరిగిన దాడుల తర్వాత పారిస్‌లో జరిగిన ర్యాలీలో నలభై మందికి పైగా దేశాధినేతలు, ప్రభుత్వాధినేతలు చేతులు పట్టుకుని నడిచారు. అమెరికా నుంచి అక్కడున్న రాయబారి తప్ప పెద్దవాళ్లెవరూ లేరు. ఇంకా పెద్ద హోదా ఉన్నవాళ్లని పంపి ఉండాల్సిందని మర్నాడు వైట్‌హౌసే ఒప్పుకుంది. ఆ వారంలోనే విదేశాంగ మంత్రి కెర్రీ పారిస్ వెళ్లారు, వెంట ఒక గాయకుణ్ణి తీసుకెళ్లి స్నేహం మీద పాట పాడించారు. అప్పట్లో దౌత్య వర్గాల్లో అందరూ నవ్వుకున్నారు. నాకూ అది అతిగానే అనిపించింది.

దానికి పూర్తిగా ఎదురు ఉదాహరణ శ్రీలంక. 2019 ఏప్రిల్ 21న ఈస్టర్ ఆదివారం చర్చిల్లో, హోటళ్లలో బాంబులు పేలి 260 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో 11 మంది భారతీయులు. జూన్ 9న మోదీ కొలంబోలో దిగి, విమానాశ్రయం నుంచి నేరుగా బాంబు పేలిన సెయింట్ ఆంథోనీ చర్చికి వెళ్లారు. దాడుల తర్వాత అక్కడికి వెళ్లిన మొదటి విదేశీ నేత ఆయనే. శ్రీలంకకి అప్పుడు కావాల్సింది డబ్బు కంటే ముందు పర్యాటకులు. అక్కడికి వెళ్లే విదేశీ పర్యాటకుల్లో ఎక్కువమంది మనవాళ్లే. పక్క దేశం ప్రధాని వచ్చి తిరిగాడంటే ఇక భయం లేదని టికెట్లు కొనేవాళ్లకి తెలుస్తుంది. కొన్ని గంటలు మాత్రమే ఉన్నా, ఒక లక్ష్యంతో చేసిన పరామర్శ అది. 2016 మార్చిలో బ్రసెల్స్ పేలుళ్లు జరిగిన వారానికి ఆయన అక్కడికి వెళ్లాల్సి ఉంటే పర్యటన రద్దు చేసుకోకుండా వెళ్లి, మాల్‌బీక్ మెట్రో స్టేషన్ దగ్గర పుష్పగుచ్ఛం పెట్టారు. అదీ అలాంటిదే.

లాభనష్టాలు చూడకుండా చేయాల్సినవి కూడా ఉంటాయి. 2014 డిసెంబరు 16న పెషావర్‌లో ఆర్మీ స్కూల్లోకి దూరి 132 మంది పిల్లల్ని కాల్చి చంపారు. మర్నాడు మన దేశంలోని బడులన్నీ రెండు నిమిషాలు మౌనం పాటించాలని ప్రధాని కోరారు. మన బడుల్లో పిల్లలు ప్రార్థన వేళ పాకిస్తాన్ పిల్లల కోసం నిలబడ్డారు. ఆ తర్వాతి రోజు, డిసెంబరు 18న, ముంబై దాడుల నిందితుడు లఖ్వీకి అక్కడి కోర్టు బెయిలిచ్చింది. "మనం మౌనం పాటిస్తే వాళ్లిచ్చిన బదులిదీ" అని చాలామంది మండిపడ్డారు. బెయిలు మీద కోపం న్యాయమే, పార్లమెంటులోనూ అదే వినిపించింది. మౌనం పాటించడం తెలివితక్కువ పని అన్నవాళ్ల మాట మాత్రం నాకు అప్పుడూ రుచించలేదు, ఇప్పుడూ రుచించదు. ఆ మౌనం రావల్పిండిలోని పాకిస్తాన్ సైన్యం పెద్దల కోసం కాదు, బడికెళ్లి తిరిగిరాని పిల్లల కోసం. 2023లో టర్కీ భూకంపానికి మనం ఆపరేషన్ దోస్త్ పేరుతో సహాయ బృందాల్ని పంపాం, రెండేళ్లకి ఆ దేశం పాకిస్తాన్ వైపు నిలబడింది. దానికీ నాది ఇదే జవాబు.

అసలు లోటు ఎక్కడుందో చెప్పమంటే 1996 దగ్గరికి వెళ్లాలి. అంతర్జాతీయ ఉగ్రవాదం మీద ఒక సమగ్ర ఒప్పందం కావాలని మనం ఐరాసలో ముసాయిదా పెట్టింది ఆ ఏడాది. అన్ని దేశాలకూ ఒకే నిర్వచనం, నిందితుణ్ణి విచారించాలి లేదా అప్పగించాలి అన్న ఒకే నియమం అందులో ఉన్నాయి. విముక్తి పోరాటాలని ఇందులోంచి మినహాయించాలా, సైన్యాలు చేసే పనులు కూడా దీని కిందికి రావాలా అన్న రెండు ప్రశ్నల దగ్గర అది ఇరుక్కుపోయింది. అప్పటి నుంచి ఎన్ని దాడులు, ఎన్ని మౌనాలు, ఎన్ని మాటలు! 2022 అక్టోబరులో ఐరాస ఉగ్రవాద నిరోధక కమిటీని మనం ముంబై తాజ్ హోటల్‌కే రప్పించి కూర్చోబెట్టాం, దాడి జరిగిన చోటే. అయినా ఆ ముసాయిదా ముసాయిదాగానే ఉంది. ఇంటర్వ్యూలో సంఘీభావం మీద ప్రశ్న వస్తే దీని గురించి చెప్పండి. ట్వీట్ల గురించి అందరూ చెబుతారు.

జెండా సంగతి. విదేశంలో దాడి జరిగిందని మన జెండా దానంతటది సగానికి దిగదు. విదేశీ ప్రముఖులు చనిపోతే కేంద్ర హోంశాఖ ప్రత్యేకంగా ఆదేశాలిస్తుంది. 2022లో షింజో అబేకి, 2024లో ఇరాన్ అధ్యక్షుడు రైసీకి అలాగే ఇచ్చారు. పోప్ ఫ్రాన్సిస్ పోయినప్పుడు 2025 ఏప్రిల్ 22, 23 తేదీల్లో సంతాప దినాలు ప్రకటించారు. అంటే పహల్గామ్‌లో కాల్పులు జరిగే సమయానికి మన ప్రభుత్వ భవనాల మీద జెండా అప్పటికే సగంలో ఉంది, అది పోప్ కోసం. ఆ ఫొటోలు చూసి పహల్గామ్ కోసం దించారనుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. మీరు పరీక్షలో అలా రాయకండి.

ఇక బ్యారేజీ లైట్లు. మన రంగులు వేసుకోవడానికి ఇబ్బందేమీ లేదు, పండక్కీ పబ్బానికీ వేస్తూనే ఉన్నారు. వేరే దేశం రంగులంటే మాత్రం విదేశీ వ్యవహారాలు కేంద్ర జాబితాలోని అంశం, కలెక్టరుగారు తోచినట్టు చేయడానికి వీల్లేదు. ఒక దేశానికి వేసి ఇంకో దేశానికి వేయకపోతే ఎందుకని అడుగుతారు, దానికి జవాబు విజయవాడ కాదు, ఢిల్లీ ఇచ్చుకోవాలి. రంగులదేముందిలే అనుకోకండి. మా గుంటూరు జిన్నా టవర్‌కి 2022 ఫిబ్రవరిలో మూడు రంగులు వేసేదాకా ఊళ్లో ఎంత టెన్షన్ నడిచిందో మీరు పేపర్లో చదివే ఉంటారు. పేరు మార్చాలన్నవాళ్లు, మార్చొద్దన్నవాళ్లు, మధ్యలో పోలీసులు. చివరికి పేరు అలాగే ఉంచి, రంగులు వేసి, పక్కన జెండా ఎగరేశారు. ఒక్క ఊళ్లో ఒక్క టవర్‌కే అంత తతంగం నడిచిందంటే, ఈఫిల్ టవర్ మీద ఏ రాత్రి ఏ దేశం రంగులు వేయాలో తేల్చేవాళ్ల తలనొప్పి ఎంతో మీరే ఊహించుకోండి.